ఆపా ఫోర్‌హ్యాండ్

గల్ఫ్‌లో ఉన్న మన చుట్టాల ఫోన్లలో ఈమధ్య ఒక కొత్త మాట వినబడుతోంది. పాడెల్. ఒకప్పుడు జుమ్మా సాయంత్రం ఫోన్ చేస్తే "దస్తర్‌ఖాన్ మీద కూచున్నాం, తర్వాత మాట్లాడతాం" అనేవాళ్లు. ఇప్పుడు "కోర్టులో ఉన్నాం" అంటున్నారు. మొదటిసారి విన్న మా అమ్మీ కంగారుపడి "యా అల్లాహ్, కేసేంటి?" అని అడిగింది. కేసేం లేదు అమ్మీ, ఆట.

ఆట పుట్టింది మెక్సికోలో. 1969లో అకపుల్కో ఊళ్లో ఎన్రికే కోర్‌క్వెరా అనే ఆసామి తన ఇంటి దగ్గరున్న కొద్ది జాగాలో, చుట్టూ గోడలతో మొదలుపెట్టాడు. 1974లో ఆయన దోస్త్ ఒకాయన దాన్ని స్పెయిన్‌లోని మార్బెల్లాకు తీసుకుపోయాడు. తర్వాత అర్జెంటీనాకు పాకింది. ఇప్పుడు దుబాయ్, దోహా, కువైత్ ఎక్కడ చూసినా ఆ గాజు గదులే. ప్రపంచ ఛాంపియన్‌షిప్ 2021లో దోహాలో జరిగింది, 2024లో మళ్లీ దోహాలోనే జరిగింది. మన హైదరాబాద్‌లో కూడా కోర్టులు వచ్చాయి.

చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. కోర్టు 20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. మధ్యలో నెట్, సరిగ్గా నడుమ 88 సెంటీమీటర్ల ఎత్తు. ఇటు ఇద్దరు, అటు ఇద్దరు. లెక్క టెన్నిస్ లెక్కే. రాకెట్‌కి తీగలుండవు, మందపాటి పలక, దానికి చిల్లులు. పిడికి ఒక తాడు ఉంటుంది, దాన్ని మణికట్టుకు తగిలించుకోవాల్సిందే, అది రూలు. సర్వీసు కూడా బంతిని నేలకి ఒకసారి కొట్టి, నడుము కిందినుంచే చేయాలి. అసలు సంగతి వెనకాల ఉంటుంది. మూడు మీటర్ల ఎత్తు గాజు గోడ, దాని మీద ఒక మీటరు జాలీ. అవతలివాళ్లు కొట్టిన బంతి నీ వైపు నేల మీద ఒకసారి పడి, ఆ గాజుకి తగిలి తిరిగి వస్తే, రెండోసారి నేల మీద పడేలోపు నువ్వు కొట్టొచ్చు.

చాలా ఆటల్లో నిన్ను దాటిపోయిన బంతి పోయినట్టే. క్రికెట్‌లో వెనకాల వికెట్లుంటాయి, షటిల్‌లో నేల ఉంటుంది. ఈ ఆటలో దాటిపోయింది తిరిగి వస్తుంది. ఇంత చిన్న సంగతి బుర్రకి ఒక్క నిమిషంలో అర్థమవుతుంది. చేతికి అర్థం కావడానికి నెలలు పడుతుంది. పాడెల్‌లో ఫోర్‌హ్యాండ్ బాగుపడటం అంటే, నా లెక్కన, చేతికి ఆ యకీన్ కలగడమే. ఇది నేను మా ఆపాని చూసి తెలుసుకున్నాను.

మా ఆపాకి నలభై ఏడు. నాకంటే మూడేళ్లు పెద్ద. దూల్హాభాయ్‌తో దోహా వెళ్లి ఇరవై ఏళ్లు దాటింది. పెళ్లికి ముందు కర్నూలులో మేమిద్దరం ఒకే ఉర్దూ మీడియం స్కూలు. ఇంటి వెనకాల సెహన్‌లో జామచెట్టుకీ, బావురింగుకీ మధ్య తాడు కట్టి షటిల్ ఆడేవాళ్లం. ఆపా మణికట్టు అంటే మణికట్టు. కాక్ ఎక్కడ పడుతుందో చూసే లోపలే పడిపోయేది. గల్లీలో నాకంటే పెద్ద కుర్రాళ్లు కూడా ఆమె ముందు నిలబడేవాళ్లు కాదు. ఎనిమిదో క్లాసులో ఆ ఆట ఆగిపోయింది. దాదీమా కోప్పడలేదు. "గోడ పొట్టిగా ఉంది బేటీ, వీధిలోకి కనబడుతోంది" అంది, అంతే. ఆపా ఏమీ అనలేదు. రాకెట్‌ని పెట్టె మీద పెట్టింది. తర్వాత ఆ పెట్టె మీద పరుపులు పడ్డాయి.

ముప్పై ఏళ్ల పైమాట అది. దోహాలో షుగర్ మొదలైంది. డాక్టరమ్మ నడవమంది. ఆ ఎండల్లో ఎక్కడ నడుస్తుంది? మాల్‌లో నడిచేది. ఒకరోజు పక్క ఫ్లాటు మలయాళీ ఆవిడ, వారంలో రెండు రోజులు ఆడవాళ్లకి మాత్రమే ఉండే టైములో పాడెల్‌కి పిలుచుకుపోయింది. నిండు చేతులు, హిజాబ్, కింద ట్రాక్ ప్యాంటు. ఎవరూ ఏమీ అనలేదు. అందరూ అలాగే ఉన్నారు. వారానికి రెండు గంటలు తనకంటూ దొరికాయి. జుమ్మా సాయంత్రం కుటుంబం మొత్తానికి కలిపి మరో గంట.

2024 అక్టోబరులో ఒక నెల సెలవు పెట్టి నేను వాళ్లింటికి వెళ్లాను. జుమ్మా గంటకి నాలుగో మనిషి కావాలి, నన్ను లాక్కెళ్లారు. ఆపా, నేను ఒక వైపు. దూల్హాభాయ్, భాంజా మరో వైపు.

మొదటి పది నిమిషాల్లోనే ఒకటి కనబడింది. కోర్టులోకి మనిషి ఒంటరిగా రాడు, తన పాత ఆటని వెంటబెట్టుకుని వస్తాడు. దూల్హాభాయ్ చేతిలో క్రికెట్ ఉంది. ఏ బంతి వచ్చినా అడ్డంగా స్వీప్. భాంజా చేతిలో యూట్యూబ్ టెన్నిస్ ఉంది. రాకెట్‌ని వీపు వెనక్కి తీసుకుపోయి, భుజం మీదికి చుట్టేస్తాడు. ఆపా చేతిలో సెహన్ షటిల్ ఉంది. చివరి క్షణంలో మణికట్టు ఝాడిస్తుంది. షటిల్ రాకెట్ వంద గ్రాములు కూడా ఉండదు. పాడెల్ రాకెట్ 350 గ్రాముల పైచిలుకు. దాన్ని మణికట్టుతో విసిరితే ఒకసారి అద్భుతంగా పోతుంది, నాలుగుసార్లు నెట్‌కి తగులుతుంది, రాత్రికి మోచేయి సలుపుతుంది. వంటింట్లో కుక్కర్ ఎత్తుతూ ఆపా ఎడమ చేత్తో కుడి మోచేయి పట్టుకోవడం నేను చూశాను.

"ఆదత్ చోటే, పోదు" అంది.

ఆదత్ పోదనేది నిజమే. దాని పక్కన ఇంకోటి పెట్టొచ్చు కదా. నాకు ఉర్దూ పక్కన తెలుగు వచ్చి కూచున్నట్టు.

ఆపా వాళ్ల ఆడవాళ్ల గంటకి నేర్పే ఉస్తాద్ అర్జెంటీనా ఆవిడ. జుమ్మా రోజు కూడా అక్కడే వేరే కోర్టులో ఉండేది. నా పని రిపోర్టింగ్ కాబట్టి నాకు అడగడంలో షరమ్ లేదు. వెళ్లి అడిగాను. ఆవిడ విరిగిన ఇంగ్లీషులో, మిగతాది చేతులతో చెప్పింది. దాన్ని నేను మా ఇంటి భాషలోకి మార్చాను. ఆ తర్జుమానే ఇక్కడ రాస్తున్నాను, మీలో ఎవరికైనా పనికొస్తుంది.

మొదట పట్టు. సుత్తిని పట్టుకున్నట్టు పట్టుకోవాలంది. ఆపా జిందగీలో సుత్తి పట్టలేదు. "కసాయి భాయ్ ఖీమా కొట్టే కత్తి ఎలా పట్టుకుంటాడో అలా" అన్నాను. వెంటనే వచ్చేసింది. రాకెట్ అంచు నేలను చూస్తూ ఉంటుంది. ఫోర్‌హ్యాండ్‌కీ బ్యాక్‌హ్యాండ్‌కీ అదే పట్టు. మార్చుకుంటూ కూచునే టైము ఈ ఆటలో ఉండదు. బిగించి పట్టక్కర్లేదు, వేళ్లు రక్తం ఆగిపోయేలా అసలే వద్దు. బంతి తగిలే క్షణంలో మాత్రం మణికట్టు గట్టిగా నిలవాలి.

రెండోది భుజం. బంతి వస్తోందని తెలియగానే చెయ్యి కాదు, ఒళ్లు తిరగాలి. ఎడమ భుజం నెట్ వైపు, ఎడమ చెయ్యి బంతిని చూపిస్తూ గాల్లో. రాకెట్ ఛాతీ ఎత్తులో సిద్ధంగా. వెనక్కి ఎంత తీయాలి? నీ భుజం దాటి వెనక్కి పోకూడదు. ఎందుకంటే ఆపా ఆడేది కుడి వైపు. కుడిచేతి వాళ్లకి కుడి వైపు ఆడితే ఫోర్‌హ్యాండ్ పక్క గాజుకి ఆనుకునే ఉంటుంది. టెన్నిస్ లాగా పెద్దగా లాగితే రాకెట్ గోడకి తగులుతుంది. ఈ ఆటలో చిన్న ఊపు అనేది నజాకత్ కోసం కాదు, అక్కడ జాగా అంతే.

మూడోది తగిలే చోటు. బంతి నీ ముందు కాలికి కాస్త ముందుగా తగలాలి. పక్కన కాదు, వెనక అసలే కాదు. మోకాళ్లు వంగాలి, ఎందుకంటే ఈ బంతి తక్కువ ఎత్తులో ఉంటుంది. నడుము వంచి అందుకుంటే తల కదులుతుంది, తల కదిలితే కన్ను తప్పుతుంది.

నాలుగోది ముగింపు. కొట్టిన తర్వాత రాకెట్ మెడ చుట్టూ పోకూడదు. బంతి ఎటు పోవాలో అటే రెండు జానలు వెంబడి పోయి ఆగాలి. మెహమాన్‌ని గుమ్మం దాకా సాగనంపినట్టు.

ఐదోది జోరు. ఉస్తాద్ అరచెయ్యి చూపించి కిందికి నొక్కింది, తగ్గించు అని. మా అబ్బా అయితే రూపాయిలో పదణాలు అనేవారు. పదణాల జోరు చాలు.

ఈ ఐదో మాట భాంజాకి ఎక్కలేదు. "జోరుగా కొడితేనే కదా మామూ పాయింట్?" అన్నాడు. పద్దెనిమిదేళ్ల వాడికి అలా అనిపించడంలో తప్పు లేదు. పాడెల్ ఇక్కడే టెన్నిస్‌కి ఉల్టా. వెనకనుంచి నువ్వు బలంగా, చదునుగా కొట్టిన బంతి అవతల నేల మీద పడి గాజుకి తగిలి, అదే బలంతో కోర్టు మధ్యకి తిరిగి వస్తుంది. అవతలివాడు తీరిగ్గా నిలబడి కొడతాడు. నీ జోరు వాడికి తోఫా. అదే బంతిని కాస్త కోత పెట్టి మెల్లగా లోతుగా వేస్తే, నేల మీద జారి గాజు పాదాల దగ్గరే చచ్చిపోతుంది. లేదంటే నెట్ దగ్గర నిలబడ్డ ఇద్దరి మధ్యలోంచి, వాళ్ల మోకాళ్ల కిందికి వేయాలి. నువ్వు కొడతావా, నేను కొట్టనా అని వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకునే ఆ అరక్షణమే నీ సంపాదన.

అన్నిటికంటే పెద్ద హథియార్ లాబ్. వెనకనుంచి రాకెట్ ముఖాన్ని కాస్త ఆకాశం వైపు తెరిచి, కిందినుంచి పైకి ఎత్తి, వాళ్ల తలల మీదుగా వెనక మూలకి వేయడం. వాళ్లు వెనక్కి పరిగెత్తుతారు, నువ్వు ముందుకి నెట్ దగ్గరికి పోతావు. ఈ ఆటలో నెట్ ఎవరిదో ఆట సాధారణంగా వాళ్లది. అర్జెంటీనా మనిషి ఫెర్నాండో బెలాస్తెగిన్ పదహారేళ్లు వరసగా ప్రపంచ నంబర్ వన్‌గా ఉండి 2024లోనే ఆట నుంచి విరమించుకున్నాడు. ఆయన పాత వీడియోలు భాంజాకి చూపించింది ఉస్తాద్. ఎంత బలంగా కొట్టాడని కాదు, ఎన్నిసార్లు బంతిని బతికించాడని లెక్కపెట్టమంది. భాంజా లెక్కపెట్టాడు. ఆ తర్వాత కూడా జోరుగానే కొట్టాడు, కాకపోతే ప్రతి బంతినీ కాదు.

ఇక్కడ సానియా గురించి ఒక మాట చెప్పాలి. మన ఇళ్లల్లో ఫోర్‌హ్యాండ్ అనే మాటని తెచ్చిందే సానియా మీర్జా. 2005 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో ఆమె తన మొదటి డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచినప్పుడు ఆపా అప్పటికే దోహాలో ఉంది, చంకలో పసివాడు లేడింకా. ఫోన్లో అరగంట ఆ ఫోర్‌హ్యాండ్ గురించే మాట్లాడింది. 2007లో ప్రపంచ ర్యాంకు 27కి చేరినా, 2015లో డబుల్స్‌లో నంబర్ వన్ అయినా, ఆరు గ్రాండ్‌స్లామ్ టైటిళ్లు వచ్చినా, 2023లో దుబాయ్‌లో ఆట ముగించినా, ఆపాకి ప్రతిదీ జ్ఞాపకం. అందుకే ఆపా కళ్లల్లో ఫోర్‌హ్యాండ్ అంటే అదే. ఆ కొరడా దెబ్బ. నాకు అర్థమైంది ఏమిటంటే, ఆమె చేతిలో ఉన్నది షటిల్, కళ్లల్లో ఉన్నది సానియా, కోర్టు మాత్రం పాడెల్. ముగ్గురికీ సులహ్ కుదరాలి.

రెండో జుమ్మా నేను ఫోన్ స్లోమోషన్‌లో పెట్టి జాలీ బయటినుంచి తీశాను. ఇంటికొచ్చి చాయ్ తాగుతూ ఆపా, నేను చూశాం. పట్టు బాగుంది. భుజం తిరుగుతోంది. కానీ తిరిగే టైము చూడండి. బంతి నేల మీద పడ్డాక తిరుగుతోంది. అప్పటికే ఆలస్యం. ఆలస్యమైందని తెలిసిన ఒళ్లు కంగారుపడి మళ్లీ మణికట్టుని పిలుస్తోంది. ఆదత్ ఊరికే రాదు, కంగారులో వస్తుంది. అవతలివాడి రాకెట్ నుంచి బంతి బయలుదేరగానే ఆపా తిరిగితే చాలు. చేతికి పని తగ్గుతుంది.

అది దిద్దుకోవడానికి ఒక వారం పట్టింది. ముందు బంతులు బాగుపడ్డాయి. నెట్‌కి తగలడం తగ్గింది. గాజు దగ్గర మాత్రం అదే ఇబ్బంది. బంతి తనని దాటి వెనక్కి పోతుంటే ఆపా ఆగలేకపోయేది. పోయేదాన్ని పట్టుకోవాలని చెయ్యి చాచేది. గాజుకీ తనకీ మధ్య ఇరుక్కుపోయేది. "వదిలెయ్ ఆపా, వస్తుంది" అని నేను అరిచేవాణ్ని. వస్తుందని ఆమెకీ తెలుసు. తెలియడం వేరు.

ఆ ముడి విప్పింది ఉస్తాద్ కాదు, నేను కాదు. గాజు తుడిచే కుర్రాడు.

ఆ క్లబ్బులో రోజూ సాయంత్రం ఒక కుర్రాడు పొడవాటి కర్రకి రబ్బరు పట్టీ ఉన్న వైపర్‌తో గాజు తుడిచేవాడు. దోహాలో ఆ రోజుల్లో రాత్రిపూట గాలిలో తేమ ఎక్కువ. గాజు చెమట పడుతుంది. తడి గాజుకి తగిలిన బంతి సరిగ్గా తిరిగి రాదు, కిందికి జారిపోతుంది. అందుకని గంట గంటకీ తుడవాలి. నేల మీది ఇసుక ఊడ్చి సమానం చేయాలి. ఆపా నా మీద విసుక్కుంటూ తెలుగులో ఏదో అంది. ఆ కుర్రాడు వైపర్ ఆపి మా వైపు తిరిగాడు.

"మీది యా ఊరు మేడం?"

రాయచోటి పిల్లాడు. నాలుగేళ్లుగా అక్కడే పని. ఆపాకి దోహాలో రాయచోటి అంటే పక్కిల్లే. అయిదు నిమిషాల్లో మేడం పోయి ఆపా వచ్చింది. మా ఆట ముగిసి, తర్వాతి జట్టు రావడానికి ఇంకా పది నిమిషాలుంది. అతను కాస్త సంకోచిస్తూ అన్నాడు.

"ఒగ మాట చెప్తా ఆపా, తప్పుగా అనుకోవద్దండి. మీరు బంతిని జూస్తాండారు. జూడద్దు, వినండి. నేను గాజు అవతల నిలబడి నాలుగేండ్లుగా వింటాండా. ఒగటి నేల. రెండు గాజు. మూడు మీరు. రెండు ఇనబడకుండా మూడు కొట్టాకండి. యాడికీ పోదు బంతి. ఎట్లైనా మీ కాడికే వస్తాది."

ఏక్, దో, తీన్.

ఆపా పెదవులు కదిపింది. నేను అవతలినుంచి చేత్తో బంతులు విసిరాను. ఏక్, నేల. బంతి దాటిపోయింది. ఆపా చెయ్యి చాచబోయి ఆగింది. దో, గాజు. ఠక్. ఆ శబ్దం వచ్చాకే ఆమె కాలు ముందుకి పడింది. బంతి ఆమెని మళ్లీ దాటుతూ, ఈసారి నెట్ వైపు వస్తోంది. తీన్. ఊపు ఎంత చిన్నదో! దర్జీ కత్తెర వేసినంత. బంతి నెట్‌కి జానెడు పైనుంచి వెళ్లి దూరంగా మూలలో పడింది.

ఎవరం ఏమీ అనలేదు. భాంజా ఒక్కడే "మాషా అల్లాహ్ అమ్మీ" అన్నాడు, కొంచెం ఆలస్యంగా.

తర్వాత ఉస్తాద్ దానికి కాళ్ల లెక్క చేర్చింది. బంతి గాజు వైపు పోతుంటే దానితో పాటే వెనక్కి పో, దానికి పక్కగా, ఒక చేతి దూరం ఉంచుకుని. అది తిరిగితే దానితో పాటే ముందుకి రా. వేగంగా వచ్చిన బంతి గాజు నుంచి దూరం తిరిగి వస్తుంది కాబట్టి గోడకి ఎడంగా ఉండు. మెల్లగా వచ్చింది గాజు దగ్గరే పడిపోతుంది కాబట్టి దగ్గరగా, బాగా వంగి ఉండు. ఇదంతా సహీ. కానీ దీనికంతా పునాది ఆ మూడు అంకెలే. చెవి ముందుంటే కాలు దాని వెనక వస్తుంది, చెయ్యి అన్నిటికంటే చివర వస్తుంది.

ఆపా ఆ కుర్రాడిని రాకెట్ పట్టుకోమంది. "నాకు రాదాపా" అన్నాడు. నాలుగేళ్లు గాజుకి ఇవతల నిలబడ్డ మనిషి. అవతలికి వెళ్లడం అతని పనిలో లేదు, అతని గంట కాదది. ఆపా ఊరుకోలేదు. అతని డ్యూటీ లేని ఒక పొద్దున, ఫజర్ అయ్యాక, కోర్టు ఖాళీగా ఉండే టైముకి గంట బుక్ చేసి నలుగురిలో అతన్ని ఒకడిగా రాయించింది. దూల్హాభాయ్ ఆ రోజు నిద్రపోయాడు, సంతోషంగా. ఆ కుర్రాడి పట్టు వంకర, కాళ్లు తడబాటు. కానీ గాజు దగ్గర ఒక్క బంతి కూడా అతను తొందరపడి కొట్టలేదు. ఆగుతాడు, తల కాస్త వంచి వింటాడు, అప్పుడు కొడతాడు. చెయ్యి నేర్చుకోవాల్సింది చాలా ఉంది. చెవి మాత్రం ఉస్తాద్ చెవి. ఆట అయ్యాక అదే వైపర్ తీసుకుని, డ్యూటీ లేకపోయినా, తన చేతి ముద్రలు పడ్డ గాజుని తుడిచి వెళ్లాడు. ఆపా అది చూసింది. కారులో ఇంటిదాకా ఏమీ మాట్లాడలేదు.

నేను తిరిగి వచ్చే ముందురోజు రాత్రి ఆపా అసలు సంగతి చెప్పింది. దూల్హాభాయ్ కాంట్రాక్టు అయిపోతోంది. వచ్చే ఎండాకాలంలో ఖతం చేసుకుని కర్నూలు వచ్చేస్తున్నారు. ఇల్లు ఉంది, పెన్షన్ లేదు, అల్లాహ్ ఉన్నాడు. అవన్నీ సర్దుకుంటాయి. ఆమె దిగులు అది కాదు.

"ఈ గంట నాది చోటే. ఇరవై ఏళ్లలో నాది అని ఒకటి దొరికింది. అక్కడ ఎక్కడ ఆడతాను? ఈ వయసులో రాకెట్ పట్టుకుని బయటికెళ్తే గల్లీ ఏమంటుంది?"

నేను హైదరాబాద్ కోర్టుల పేర్లు చెప్పబోయాను. కర్నూలు నుంచి నాలుగు గంటల దారి. గంట అద్దె నలుగురు పంచుకున్నా, గల్ఫ్ జీతం ఆగిపోయిన ఇంటికి అది బరువే. పాడెల్ డబ్బున్న వాళ్ల పేటల్లో మొదలైన ఆట, ఇంకా ఎక్కువగా అక్కడే ఉంది. ఆ మాట మనం దాచుకోవక్కర్లేదు. చెప్పకుండా ఊరుకున్నాను.

మే నెలలో వచ్చేశారు. కార్టన్ డబ్బాలు విప్పుతుంటే రెండు రాకెట్లు, ఆరు బంతులు బయటపడ్డాయి. అమ్మీ వాటిని చూసి రొట్టెల పీటలనుకుంది.

మా సెహన్ గోడ ఇప్పుడు పొట్టిది కాదు. దాదీమా పోయిన చాలా ఏళ్లకి అబ్బా దాన్ని ఎనిమిది అడుగులకి లేపించారు. జామచెట్టు పోయింది. కింద నాపరాయి పరిచి ఉంది. ఒక పొద్దున ఆపా ఆ గోడ ముందు నిలబడి బంతిని మెల్లగా కొట్టింది. తిరిగి వచ్చింది. మళ్లీ కొట్టింది. గాజు లాంటి నునుపు లేదు కాబట్టి బంతి ఒక్కోసారి ఇటు, ఒక్కోసారి అటు పోతుంది. ముందే తిరిగి సిద్ధంగా ఉండకపోతే దొరకదు. ఫోర్‌హ్యాండ్‌కి ఇంతకంటే కచ్చితమైన ఉస్తాద్ ఉండడు. ఇప్పుడు రోజూ ఇరవై నిమిషాలు. ఐదడుగుల దూరంలో నిలబడి ఊపు లేకుండా ముప్పై. పది అడుగుల దూరం నుంచి, నేల మీద ఒకసారి పడనిచ్చి ముప్పై. సున్నంతో గీసిన గీతకి, అంటే నెట్ ఎత్తుకి, జానెడు పైన తగిలేలా ముప్పై. చివరగా గోడకి వీపు పెట్టి నిలబడుతుంది. కోడలు పిల్ల ముందునుంచి చేత్తో బంతి విసురుతుంది. అది నేల మీద పడి, గోడకి తగిలి, తిరిగి వస్తుంది. ఏక్, దో, తీన్.

షుగర్ తగ్గిందా అని అడక్కండి. మందు బిళ్ల అలాగే ఉంది, డాక్టరే చెప్పాలి. మోచేయి పట్టుకోవడం మాత్రం మానేసింది. మేడ మెట్లు ఎక్కుతూ మధ్యలో ఆగడం లేదు.

కిందటి నెల నేను కర్నూలు వెళ్లాను. అసర్ తర్వాత సెహన్‌లో శబ్దం. ఆపా కుర్చీలో కూచుని ఉంది. గోడ ముందు పక్కింటి పిల్లలిద్దరు. ఒకమ్మాయి ఆరో క్లాసు, ఒకమ్మాయి ఎనిమిదో క్లాసు. రెండు రాకెట్లూ వాళ్ల చేతుల్లో, తాళ్లు మణికట్లకి. బంతుల మీద నూగు ఎప్పుడో పోయింది. పెద్దమ్మాయి మణికట్టు ఝాడించింది. బంతి గోడ దాటి వీధిలోకి పోయింది. వీధిలో ఎవరో కుర్రాడు అందుకున్నట్టున్నాడు, కాసేపు నిశ్శబ్దం. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. ఆపా కుర్చీలోంచి లేవలేదు.

బంతి గోడ మీదుగా తిరిగి లోపలికి వచ్చి పడింది.

"భుజం తిప్పు బేటీ" అంది ఆపా. "చెయ్యి తర్వాత."